టీసీ చేతికిచ్చాక ఆ పాప ఎటు పోయింది?

సంపాదకులకు నమస్కారం.

ముస్లిం ఆడపిల్లల చదువు మీద పత్రికల్లో రాత వచ్చినప్పుడల్లా అది బురఖా దగ్గరో మదరసా దగ్గరో చుట్టూ తిరిగి ఆగిపోతోంది. బడి రిజిస్టర్లు తిరగేసేవాళ్లకు కనిపించే సంగతి వేరు. ఆ పిల్ల ఒకనాడు పుస్తకాలు పక్కన పడేసి బడి మానేయదు. ఏప్రిల్ చివర పరీక్షలు అయిపోయిన రోజుకూ, జూన్ 12న బళ్లు తెరిచే రోజుకూ మధ్య ఉన్న సెలవుల్లో జారిపోతుంది. అదీ ఏ తరగతి తర్వాత పడితే ఆ తరగతి తర్వాత కాదు. ఒక బడి అయిపోయి ఇంకో బడిలో చేరాల్సిన చోట, అంటే ఐదు తర్వాత, ఏడు తర్వాత, పది తర్వాత. పాత బడి టీసీ ఇచ్చి పని అయిందనుకుంటుంది. కొత్త బడికి అలాంటి పిల్ల ఒకతి ఉందనే తెలియదు. ఆ నెలన్నరా ఆమె ఏ హెడ్మాస్టరు లెక్కలోనూ లేదు. ఈ ఉత్తరం ఆ నెలన్నర గురించి.

ముందుగా మదరసా మాట. ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం 2005లో వేసిన సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేవాళ్లు మూడు, నాలుగు శాతమేనని తేల్చింది. పొద్దున ఫజర్ నమాజు తర్వాతో సాయంత్రమో గంటసేపు ఖురాన్ చదివించే మక్తబ్ వేరు, అక్కడే ఉండి చదివే మదరసా వేరు. మక్తబ్‌కు పోయే పిల్ల తొమ్మిదింటికి మామూలు బడికే పోతుంది. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడేవాళ్లే ఎక్కువ. అదే నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో కూడా చెప్పింది. ఆలోచించాల్సింది ఆ నాలుగోవంతు గురించి.

ఇంకో అంకె కూడా చూడండి. కేంద్రం ఏటా చేసే ఉన్నత విద్య సర్వేలో 2021-22కి కాలేజీల్లో ఉన్న ముస్లిం విద్యార్థులు 21.1 లక్షలు. అందులో అమ్మాయిలు 10.54 లక్షలు, అంటే సగం. మొత్తం మీద ముస్లింలు కాలేజీలకు తక్కువగా వస్తున్న మాట నిజమే. కానీ గేటు దాటి లోపలికి వచ్చినవాళ్లలో అమ్మాయిలు వెనకబడలేదు. ఇంట్లోవాళ్లకు ఆడపిల్ల చదువంటేనే గిట్టదని తేల్చేసేవాళ్లు ఈ అంకెకు ఏం చెబుతారో తెలియదు.

మొదటి మలుపు ఐదో తరగతి. ఇక్కడ చిక్కు భాషతో. ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాల వీధిలోనే ఉంటుంది. ఉర్దూ మాధ్యమ హైస్కూలు మాత్రం చాలా మండలాల్లో ఉండదు. కనుక ఐదేళ్లు ఉర్దూలో చదివిన పిల్ల ఆరో తరగతిలో తెలుగు లేదా ఇంగ్లిష్ మాధ్యమంలోకి వస్తుంది. ఆమెకు లెక్కలు రాకపోవడం కాదు, లెక్కల పేర్లు తెలియకపోవడం. జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ అని నేర్చుకున్న పిల్ల ముందు కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అంటే ఏ గుర్తు వేయాలో తోచక కూర్చుంటుంది. ముసల్లస్ తెలుసు, త్రిభుజం తెలియదు. ఇంకో రెండేళ్లకు షుఆయీ తర్కీబ్ కాస్తా కిరణజన్య సంయోగక్రియ అవుతుంది. మొదటి యూనిట్ టెస్టులో సున్నా వస్తే మాస్టారు 'వెనకబడిన పిల్ల' అని రాసుకుంటాడు, ఇంట్లో 'దీనికి చదువు అబ్బలేదు' అనుకుంటారు. మలుపు దాటినట్టే దాటి, దసరా సెలవుల తర్వాత తిరిగి రాని పిల్లలు వీళ్లే.

దీనికి మందు పెద్దదేమీ కాదు. ఐదో తరగతి చివరి మూడు నెలలూ లెక్కలకు, పరిసరాల విజ్ఞానానికి సంబంధించిన నూట యాభై, రెండొందల మాటలను ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడు వరసల్లో గోడమీద రాసి, రోజుకు నాలుగేసి మాటలు చదివిస్తే చాలు. ఆరో తరగతి లెక్కల మాస్టారు దగ్గర కూడా అదే పట్టిక ఉండాలి. చాలాచోట్ల తప్పేది ఇక్కడే: ప్రాథమిక పాఠశాల పట్టిక రాస్తుంది, హైస్కూలుకు అది చేరదు.

అసలు ఉర్దూ హైస్కూళ్లే నడపవచ్చు కదా అంటే, ఉన్నవాటిలో మాస్టార్లు లేరు. కారణం నిధుల కొరత ఒక్కటే కాదు. డీఎస్సీలో ఉర్దూ మాధ్యమం పోస్టులు చూపిస్తారు, రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం వాటిలో కొన్ని ఎస్సీ, ఎస్టీ తదితర వర్గాలకు వెళ్తాయి. ఆ వర్గాల్లో ఉర్దూ మాధ్యమంలో చదివి డీఎడ్ లేదా బీఎడ్ పూర్తిచేసినవాళ్లు దాదాపు ఉండరు. పోస్టు ఖాళీగా మిగులుతుంది, తర్వాతి డీఎస్సీకి బ్యాక్‌లాగ్ అవుతుంది, అక్కడా మిగులుతుంది. కాగితం మీద పోస్టు ఉంది గనక కొత్త పోస్టు ఇవ్వరు, మనిషి లేడు గనక పాఠం జరగదు. ఆ వర్గాల వాటా తగ్గకుండా ఈ పోస్టులను వేరే మాధ్యమం పోస్టులతో మార్చుకునే పద్ధతి పెట్టడం ప్రభుత్వం తలచుకుంటే అయ్యే పని. వైద్యం, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలో చెప్పడానికి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టిన నగరం మన హైదరాబాదు. ఇప్పుడు ఎనిమిదో తరగతి లెక్కలు ఉర్దూలో చెప్పే మాస్టారి కోసం వెతుకుతున్నాం.

ఇక్కడే ఇంకో సంగతి. ముస్లిం పిల్ల అనగానే ఉర్దూ బడికి పంపేయడమూ పొరపాటే. దూదేకుల, నూర్‌బాషా ఇళ్లలో చాలామటుకు మాట్లాడేది తెలుగే. వాళ్ల పిల్లకు ఉర్దూ మాధ్యమం అంటే పరాయి భాషలో చదువు. అటు ఉర్దూ మాట్లాడే ఇళ్లలో కూడా ఇప్పుడు ఎక్కువమంది కోరేది ఇంగ్లిష్ మాధ్యమంతో పాటు ఉర్దూ ఒక భాషగా ఉండటం. తరగతికి పదిమంది గానీ బడి మొత్తానికి నలభైమంది గానీ ఉంటే ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలన్నది 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న మాట. తర్వాత రాజ్యాంగంలోకి వచ్చిన 350ఎ అధికరణం చెప్పేదీ మాతృభాషలో ప్రాథమిక విద్య గురించే. తల్లిదండ్రులు విడివిడిగా అడిగితే ఎవరూ పట్టించుకోరు. పిల్లల పేర్లు, తరగతులు రాసి పదిమంది సంతకాలతో ఒకే అర్జీగా మార్చిలోపు మండల విద్యాధికారికి (ఎంఈవో) ఇస్తే, తర్వాతి ఏడాది ఉపాధ్యాయుల సర్దుబాటులో దాన్ని చూడక తప్పదు. జూన్‌లో ఇచ్చే అర్జీ ఫైల్లోనే ఉండిపోతుంది.

రెండో మలుపు ఏడో తరగతి. చాలా ఊళ్లలో ప్రాథమికోన్నత పాఠశాల అక్కడితో అయిపోతుంది, హైస్కూలు పక్క ఊళ్లో ఉంటుంది. పిల్ల పెద్దమనిషి అయ్యే వయసు కూడా అదే. ఇక్కడ తల్లి మనసులో ఉండే ప్రశ్న సాయంత్రం ఐదున్నరకు ఆ రోడ్డు మీద ఎవరుంటారన్నది. టికెట్ ఖర్చు ఇప్పుడు అడ్డం కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. అడ్డమల్లా బస్సు వేళ. నాలుగుంబావుకు బడి వదిలితే బస్సు నాలుగింటికే వెళ్లిపోయి ఉంటుంది, తర్వాతది ఆరున్నరకు. హెడ్మాస్టరు ఫలానా రూటు, ఫలానా స్టాపు, ఇంతమంది ఆడపిల్లలు, బడి వదిలే వేళ ఇది అని రాసి డిపో మేనేజరుకు ఇస్తే ఇరవై నిమిషాలు వెనక్కి జరపడం డిపో స్థాయిలోనే అయ్యే పని. ఊరికే 'బస్సు సౌకర్యం కల్పించగలరు' అని రాసిన అర్జీకి జవాబు రాదు.

బస్సే లేని ఊరికి సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం ఉంది, పిల్లకు నెలకు 600 చొప్పున పది నెలలు, ఏడాదికి 6,000 వరకు. నివాసం నుంచి ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లు దాటితే ఆ నివాసం పేరు జాబితాలోకి ఎక్కాలి. ఎక్కించాల్సింది బడి. చిక్కేమిటంటే ఊరవతల విడిగా ఉన్న ముస్లిం వాడను పంచాయతీ లెక్కలో ప్రధాన గ్రామంలోనే కలిపేస్తారు. ఊరి నడిబొడ్డు నుంచి కొలిస్తే రెండున్నర కిలోమీటర్లు, వాడ నుంచి కొలిస్తే మూడున్నర. ఎక్కణ్నుంచి కొలిచారో అడగండి. ఆరుగురు ఆడపిల్లలు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నప్పుడు ఈ భత్యం చాలావరకు సరిపోతుంది.

మరుగుదొడ్డి సంగతి అందరికీ తెలిసిందే కనుక ఒక్క మాటే. గది కట్టి ఉందా అని కాకుండా లోపలి గొళ్లెం పడుతుందా, మధ్యాహ్నం రెండింటికి నీళ్లు వస్తున్నాయా అని తనిఖీ చేయాలి.

ఇక కాగితాలు. మూడు మలుపుల్లోనూ అన్నిటికన్నా ఎక్కువమందిని ఆపేది ఇవే. చర్చల్లో అన్నిటికన్నా తక్కువ వినిపించేదీ ఇవే. షేక్ అన్న ఒక్క ఇంటిపేరునే తీసుకోండి. ఇంగ్లిష్‌లో ఎస్‌హెచ్‌ఏఐకే అని ఒకచోట, చివర ఇంకో హెచ్ తగిలించి మరోచోట, ఎస్‌కే అని రెండే అక్షరాల్లో ఇంకోచోట ఉంటుంది. మస్తాన్‌బీ అన్న పేరులో బీని ఆపరేటరు ఇంటిపేరు పొడి అక్షరం అనుకుని 'బి.మస్తాన్' చేస్తాడు, అమ్మాయి కాస్తా అబ్బాయి అయిపోతుంది. తెలంగాణ వైపు ఆయేషా ఫాతిమా లాంటి పేర్లకు ఇంటిపేరే ఉండదు. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోనివ్వదు గనక ఒకరు తండ్రి పేరు పెడతారు, ఒకరు మహమ్మద్ అని పెడతారు. బేగం, సుల్తానా, ఉన్నీసా ఒక కాగితంలో ఉంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. పేరు పెట్టేది ఏడో రోజు అఖీఖా నాడో ఆ తర్వాతో గనక, ఆసుపత్రి రికార్డులో 'ఫలానా ఆమె బిడ్డ' అని మాత్రమే ఉండి, జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా మిగిలిన ఇళ్లు ఎన్నో.

ఈ తేడాలు ఐదో తరగతి దాకా ఎవరికీ పట్టవు. తర్వాత ఒక్కసారిగా మీద పడతాయి. బడి వివరాలుండే యూడైస్ ప్లస్‌లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం కలవకపోతే విద్యార్థి గుర్తింపు సంఖ్య అయిన అపార్ నంబరు రాదు. స్కాలర్‌షిప్ పోర్టల్లో ఒకేసారి చేసే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోతే మంజూరైన డబ్బు కూడా వెనక్కి పోతుంది.

సరిదిద్దే వరస ముఖ్యం, తలకిందులు చేస్తే దెబ్బతింటారు. మొదట జనన ధ్రువపత్రం. అందులో పేరు లేకపోతే పుట్టిన నమోదు నుంచి పదిహేనేళ్ల లోపు ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. ఆ పత్రంలో ఉన్న స్పెల్లింగ్‌నే బడి అడ్మిషన్ రిజిస్టరులోకి తేవాలి. దాన్నిబట్టి ఆధార్, దాన్నిబట్టి బ్యాంకు. చాలామంది ముందు ఆధార్ కేంద్రానికి పరుగెత్తుతారు. ఆధార్‌లో పేరు జీవితం మొత్తానికి రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. రెండు అవకాశాలూ వాడేశాక జనన పత్రంలో ఇంకో స్పెల్లింగ్ బయటపడితే కార్యాలయాల చుట్టూ తిరగాల్సిందే. పిల్లకు ఐదేళ్లప్పుడు వేలిముద్రలు ఇవ్వాలని, పదిహేనేళ్లప్పుడు మళ్లీ ఇవ్వాలని కూడా మరిచిపోతారు. అది చేయించకపోతే వేలిముద్రతో గుర్తింపు అడిగే ప్రతిచోటా యంత్రం ఒప్పుకోదు. ఇక ఆఖరి గడువు: పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) పరీక్షల విభాగానికి వెళ్లే ముందు. అప్పటిదాకా రిజిస్టరు హెడ్మాస్టరు దగ్గరే ఉంటుంది. మెమో అచ్చయ్యాక ఒక్క అక్షరం మార్చాలన్నా డీఈవో మీదుగా రాజధాని దాకా పోవాలి, అప్పటికి ఇంటర్ ప్రవేశాలు అయిపోతాయి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే చెల్లుతుంది కనుక, ఇప్పుడు చంకన ఉన్న చంటిపిల్లల తల్లులు కూడా ఈ మాట వినాలి.

కుల ధ్రువపత్రం ఇంకో ముడి. రెండు రాష్ట్రాల్లోనూ ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 2007 చట్టంతో వచ్చింది 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్. సుప్రీంకోర్టు 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది అమలవుతోంది. షేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీరు, లబ్బై వంటివి అందులోకి వస్తాయి. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారీలది బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు బీసీ-ఇలోకి రారు, దానికున్న నిబంధనలకు లోబడితే ఈడబ్ల్యూఎస్ పత్రం తెచ్చుకోవచ్చు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, బడిలో చేర్చుకున్నప్పుడు కులం గడిలో 'ముస్లిం' అని రాసేస్తారు. అది మతం. నూర్‌బాషా పిల్ల పేరు ముందు షేక్ ఉంటే బీసీ-ఇ అని రాసేస్తారు. పదేళ్ల తర్వాత తహసీల్దారు కార్యాలయంలో అక్కకు బీసీ-బి, చెల్లికి బీసీ-ఇ అని తేలి ఇద్దరి దరఖాస్తూ ఆగుతుంది. ఐదో తరగతిలోనే తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టి పత్రం తీసుకుని రిజిస్టరులో దిద్దించుకోవాలి. కుల పత్రం ఒకసారి తీసుకుంటే చాలు. ఆదాయ పత్రానికీ ఈడబ్ల్యూఎస్ పత్రానికీ గడువుంటుంది కాబట్టి వాటిని దరఖాస్తు చేసే ముందే తీసుకోవాలి.

డబ్బు మాటకొస్తే, ముందు పోయినవి. మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆపేసి తొమ్మిది, పదికి పరిమితం చేసింది. ఎనిమిది దాకా చదువు ఉచితమే కదా అన్నది చెప్పిన కారణం. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లకు వచ్చేది ఏడాదికి వెయ్యి రూపాయలే. కానీ ఆ వెయ్యి కోసమే బ్యాంకు ఖాతా తెరిచేవారు, పేరు సరిచూసుకునేవారు. ఇప్పుడు ఆ పని తొమ్మిదో తరగతిలో మొదలవుతోంది, అప్పటికి రెండు మలుపులు అయిపోయాయి. తొమ్మిది నుంచి పన్నెండు చదివే మైనారిటీ ఆడపిల్లలకు 5,000, 6,000 ఇచ్చిన బేగం హజ్రత్ మహల్ స్కాలర్‌షిప్ పోయింది. దాన్ని నడిపిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసేయమని కేంద్రం 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఇవి ఇంకా ఉన్నాయనుకుని సేవా కేంద్రాల్లో డబ్బు కట్టి దరఖాస్తులు పెట్టిస్తున్నవాళ్లు జాగ్రత్త.

ఉన్నవాటిలో 'మైనారిటీ' అన్న ముద్ర లేనివే ఎక్కువ పనికొస్తాయి. ముస్లిం కుటుంబాలకు అవి తెలియకపోవడానికీ అదే కారణం. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లు వస్తుంది. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. పరీక్షలో మేధాశక్తికి 90, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు. ఉర్దూ మాధ్యమం పిల్లలు ఇందులో వెనకబడేది మొదటి భాగంలోనే, ఎందుకంటే అలాంటి ప్రశ్నలు బడిలో ఎప్పుడూ చూసి ఉండరు. రోజుకు పది ప్రశ్నల చొప్పున నాలుగు నెలలు చేయిస్తే తీరే లోటు అది. ఒక మెలిక గుర్తుంచుకోవాలి: గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాల్లో ఉండి చదివేవాళ్లకు ఇది రాదు.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లకు ఇంకోటి ఉంది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉన్న తల్లి పిల్లలకు కార్మిక శాఖ స్కాలర్‌షిప్: ఒకటి నుంచి నాలుగు తరగతులకు 1,000, ఐదు నుంచి ఎనిమిదికి 1,500, తొమ్మిది, పదికి 2,000, ఇంటర్‌కు 3,000, పాలిటెక్నిక్, డిగ్రీకి 6,000, వృత్తి విద్యా కోర్సులకు 25,000. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లోనే. కార్డు అత్త పేరు మీద ఉండి, చుట్టేది కోడలు అయితే పిల్లకు రాదు. ఆ కార్డు ఎవరి పేరున ఉందో ఇవాళే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లను బడికి పంపే తల్లికి డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది, 75 శాతం హాజరు ఉండాలి. పెళ్లిళ్లకని ఊళ్లు తిరిగే నెలల్లో పోయే హాజరే దీనికి గండికొడుతుంది.

పెళ్లి అన్నాం గనక ఒక మాట. తెలంగాణలో పేద ముస్లిం అమ్మాయిల పెళ్లికి షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు ఇస్తున్నారు. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు ఉంది, చదువు షరతు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరులో తెచ్చిన షాదీ తోఫాలో వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్నారు. ఆ షరతు అన్యాయమని కొందరన్నారు. బడి అందుబాటులో లేని పిల్లకు అది అన్యాయమే. అయినా పది దాకా లాక్కొచ్చే తాడు ఒకటి ఉండటం మంచిదేనని మా అభిప్రాయం. తెలంగాణ ఆ షరతు పెట్టకపోయినా, ఇంటర్ చదివిన అమ్మాయికి ఇంకొంత కలిపి ఇవ్వొచ్చు.

మలుపులే లేకుండా చేసేవి గురుకులాలు. తెలంగాణ 2016 జూన్‌లో 71 మైనారిటీ గురుకులాలు తెరిచి, ఆ తర్వాత వాటిని 204కు పెంచింది. సీట్లలో 75 శాతం మైనారిటీలకు. ఇక్కడ తల్లిదండ్రులు పడే పొరపాటు ఒక్కటే. ఇంటి దగ్గర బడి ఐదుతో అయిపోతుంది కనుక ఐదు పాసయ్యాక చూద్దాం అనుకుంటారు. గురుకులంలో ప్రవేశం ఐదో తరగతిలోకి. అంటే పిల్ల నాలుగు చదువుతుండగానే దరఖాస్తు పెట్టాలి. ఏడాది ఆలస్యమైతే మిగిలినవి ఖాళీ సీట్లే. ఐదు అయిపోయినవాళ్లకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి, ఆరో తరగతి నుంచి తీసుకుంటారు. 2004లో మొదలైన ఈ బళ్లలో 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ ఆడపిల్లలవి. వాటిలో పనిచేసేది ఆడవాళ్లేనన్న సంగతి మొహల్లాల్లో చెబితే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి. హాస్టల్ అనగానే ఇంట్లో అడిగేవి నాలుగే: వార్డెన్ ఎవరు, రాత్రి కాపలా ఎవరు, మాంసం హలాలేనా, రోజా ఉంటే తెల్లవారక ముందు తినే సహరీ పెడతారా. జవాబులు కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ సంతకంతో ఇస్తే ఆ కాగితం నాలుగిళ్లు తిరుగుతుంది. ఫ్లెక్సీ కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పటికే మానేసినవాళ్ల సంగతి. పద్నాలుగేళ్ల లోపు పిల్ల అయితే విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పన్నెండేళ్ల పిల్లను మూడో తరగతిలో కూర్చోబెడితే వారంలో పారిపోతుంది. టీసీ ఆలస్యమైందని, పుట్టిన తేదీ రుజువు లేదని చేర్చుకోకపోవడం ఐదు, పద్నాలుగు సెక్షన్లకు విరుద్ధం. కాదన్న హెడ్మాస్టరును 'ఆ మాట కాగితం మీద రాసివ్వండి' అని అడగండి, మర్యాదగానే.

పద్నాలుగు దాటితే ఓపెన్ స్కూల్. రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూలు సొసైటీల్లోనూ, జాతీయ సంస్థ ఎన్‌ఐఓఎస్‌లోనూ పదో తరగతికి ఐదు సబ్జెక్టులు చాలు, ఉర్దూలోనూ రాయవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో అయితే ఐదేళ్లలో తొమ్మిదిసార్లు రాసే వీలుంది. ఆడపిల్లల మదరసాల్లో ఆలిమా (మత పండితురాలి) కోర్సు చదివేవాళ్లకు కూడా ఇదే దారి, మధ్యాహ్నం రెండు గంటలు దీనికి ఇస్తే కోర్సు పూర్తయ్యేలోపు పది సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది. కానీ సులువని లెక్కలు వదిలేసి సబ్జెక్టులు ఎంచుకుంటే పాలిటెక్నిక్ తలుపు మూసుకుంటుంది. పాలిసెట్‌కు పదిలో లెక్కలు ఉండి తీరాలి. 'మీరు రానక్కర్లేదు, పాస్ మేం చూసుకుంటాం' అనే కేంద్రాల దగ్గరికి పోవద్దు. ఆ మెమోతో తర్వాత ఇంటర్‌లో కూర్చున్నప్పుడు పిల్లకే తెలుస్తుంది తనకేం రాదో.

మూడో మలుపు పది తర్వాత. ఇక్కడ తొందర వద్దని ఒక్కటే చెప్పాలి. ఆడపిల్ల కదా అని అలవాటుగా సీఈసీలో వేసేయడం మామూలైంది. పది మార్కుల మీదే సీటిచ్చే ట్రిపుల్ ఐటీలు హాస్టల్‌తో సహా ఆరేళ్ల చదువు. ప్రభుత్వ బడిలో చదివిన వాళ్లకు అదనపు స్కోరు కలుపుతారు, బీసీ-ఇ కోటా ఉంది. కడపలో, హైదరాబాదులో ఉర్దూ వర్సిటీ మనూ నడిపే పాలిటెక్నిక్‌లున్నాయి. నీట్ 2018 నుంచి ఉర్దూలో కూడా రాయవచ్చు. ఆ పరీక్షకు బురఖాతో, స్కార్ఫుతో పోవచ్చు, కాకపోతే తనిఖీకి వీలుగా మిగతావాళ్ల కన్నా ముందే చేరాలి. ఈ ఒక్క ముక్క తెలియక గేటు దగ్గర ఏడ్చే పిల్లలుంటారు. ఈ మధ్య పది, ఇంటర్ పరీక్షలు రంజాన్‌లో పడుతున్నాయి. ఉర్దూ బళ్లకు రంజాన్ నెలలో పొద్దున ఎనిమిది నుంచి ఒకటిన్నర దాకా వేళలు మారుస్తారు, మిగతా బళ్లలో ప్రత్యేక తరగతులు సాయంత్రం ఆరు దాకా ఉంటాయి. రోజా ఉన్న పిల్ల ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరదు. వాళ్లకు ఆ క్లాసు పొద్దున పెట్టడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఇక అడగాల్సింది. యూడైస్ ప్లస్‌లో ఒక బడి నుంచి బయటకు పంపి, ఇంకో బడి ఇంకా తీసుకోని పిల్లల పేర్లు డ్రాప్‌బాక్స్ అన్న చోట నిలిచి ఉంటాయి. పాప ఎక్కడికీ చేరలేదన్న సంగతి ప్రభుత్వానికి తెలియకపోవడం లేదన్నమాట, చూడటం లేదంతే. ప్రతి మండలంలోనూ ఎంఈవో జూన్ 30న ఆ జాబితా తీసి, ఆడపిల్లల పేర్లు విడదీసి, పాత బడి హెడ్మాస్టరుకు వెనక్కి పంపాలి. జూలై 15లోగా ఒక్కో పేరు ఎదుట మూడింటిలో ఒకటి రాయాలి: ఫలానా బడిలో చేరింది, ఊరు మారింది, ఇంట్లో ఉంది. 'ఇంట్లో ఉంది' అని రాసిన ఇళ్లకు బడుల మధ్య తిరిగే విద్యాశాఖ సిబ్బంది అయిన సీఆర్పీతో పాటు అంగన్‌వాడీ టీచరు గానీ డ్వాక్రా సంఘం లీడరు గానీ వెళ్లాలి. మగవాళ్లు పనికి పోయిన పదకొండు గంటల వేళ తల్లితో మాట్లాడాలి, ఆదివారం ఉదయం తండ్రి ఉన్నప్పుడు ఇంకోసారి. ఊళ్లో మసీదు కమిటీని అడిగితే జుమ్మా నమాజు తర్వాత ప్రవేశాల తేదీలు, కావలసిన కాగితాలు ఇమాం సాబ్ రెండు నిమిషాల్లో చదివేస్తారు. పేర్లు మాత్రం చదవకూడదు, ఇంటి పరువు సంగతి అది.

ఇంకొకటి. టీసీ ఇచ్చే రోజునే ఆ పిల్ల ఏ బడిలో చేరబోతోందో ఆ బడి పేరు, అక్కడి హెడ్మాస్టరు ఫోన్ నంబరు టీసీ కౌంటర్‌ఫాయిల్ మీద రాయించండి. గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టొద్దు. ఆ ఖాళీ గడి దగ్గరే తల్లితో మొదటి మాట మొదలవుతుంది, అప్పటికింకా ఏప్రిల్ నెలే.

ఇట్లు,
ఉర్దూ, తెలుగు మాధ్యమ బడుల ఉపాధ్యాయులు కొందరు,
గుంటూరు